రెండో శనివారం చూసిన మలయాళం సినిమా

2025 జూన్ ఎనిమిదో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు, తిరుపతిలో మా ఇంటి ముందుగదిలో నా చెల్లెలు నవ్వింది. గూడూరు నుంచి అమ్మను చూడడానికి వచ్చిన చెల్లెలు, అమ్మ, నా భార్య, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, నేను, అందరమూ కూర్చొని టీవీలో ఒక మలయాళం సినిమా చూస్తున్నాము. మా అమ్మాయి దానిని అసలు భాషలోనే పెట్టి, కింద ఇంగ్లీషులో వచ్చే అక్షరాలు చదువుకొమ్మని మాకు చెప్పి, అమ్మకు మాత్రం పక్కన కూర్చొని తెలుగులో చెబుతూ ఉంది. ఒక పల్లెటూరి పంచాయతీ ఉద్యోగి పరువు కోసం ఒక చిన్న అబద్ధమాడి, దానిని నిలబెట్టుకోవడానికి ఊరందరి ముందూ నానా తంటాలు పడే కథ అది. అతడు తడబడుతూ ఏదో అన్నాడు. అక్షరాలు తెర మీదికి ఇంకా రాకముందే చెల్లెలు నవ్వింది. మేము చదివి నవ్వేసరికి ఆమె నవ్వు అయిపోయింది.

"అత్తా, నీకు మలయాళం వస్తుందా?" అని మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది.

"వేలూరులో ఉద్యోగం చేసేటప్పుడు కొంచెం నేర్చుకున్నాలేమ్మా" అని, అమ్మకు మంచినీళ్లు తేవాలన్న నెపంతో ఆమె లేచి లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో నాకు సరిగా తెలియదు. అందరూ ఆ పంచాయతీ ఉద్యోగిని చూసి నవ్వుతున్నారు, నాకు మాత్రం ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రోజూ పడుకోబోయే ముందు ఆనాటి సంగతులు తేదీతో సహా రాసుకోవడం నాకు పద్దెనిమిదో ఏట నుంచీ ఉన్న అలవాటు. ఆ రాత్రి రాయడానికి కూర్చుంటే, 2002 నవంబరులో నేను రాయకుండా వదిలేసిన దానిని రాయక తప్పదని తోచింది. ఇది అదే.

మా నాయన గుళ్లో ఆళ్వార్ల తమిళ ప్రబంధం పారాయణ చేసే సేవలో ఉండేవారు. తెల్లవారుజామున స్నానం, తిరునామం, సేవ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మళ్లీ సేవ, ఇంతే ఆయన ప్రపంచం. సినిమా హాలులో ఆయన చూసినవి పురాణ చిత్రాలు మాత్రమే, అవి కూడా దేవుడి వేషం వేసినవాడు కనబడగానే చేతులు జోడించి. చెల్లెలు వేలూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో పనిచేసేది, అక్కడే హాస్టలులో ఉండి వారానికొకసారి ఇంటికి వచ్చేది. ఆ సంవత్సరం దసరా సెలవులకు వచ్చినప్పుడు, తనతో పనిచేసే మలయాళీ అబ్బాయిని పెళ్లి చేసుకోవాలని ఉందని అమ్మతో చెప్పింది. అమ్మ రెండు రోజులు మింగలేక కక్కలేక ఉండి మూడో రోజు నాయన చెవిన వేసింది.

ఇల్లు కూలుతుందనుకున్నాము. నాయన విసనకర్రతో విసురుకుంటూ, ఆ అబ్బాయి తండ్రి ఏం చేస్తాడని మాత్రం అడిగారు. పాలక్కాడు దగ్గర ఒక పల్లెలో, గుళ్లో చెండ అనే డోలు వాయించే వంశమని చెల్లెలు తల వంచుకొని చెప్పింది.

"అట్లయితే ఆయనదీ గుడి కొలువే గదా" అన్నారు నాయన.

ఆ ఒక్క మాట మీద మా చెల్లెలి జీవితం నెల రోజులు నిలబడింది. మన కులం కాదు, మన శాఖ కాదు, భాష కూడా కాదు; అయినా దేవుడి ముందు నిలబడి పనిచేసే మనిషి బిడ్డ అన్న సన్నని దారం ఒకటి నాయన చేతికి చిక్కింది, దానిని ఆయన వదలలేదు. దానికి ఒక కారణం కూడా ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు దూరదర్శన్‌లో ఒక్కొక్క వారం ఒక్కొక్క భాష సినిమా వేసే కాలం నా ఈడు వారికి జ్ఞాపకముండే ఉంటుంది. భోజనాలు చేసి, అర్థంకాని భాషలో, నెమ్మదిగా నడిచే ఆ చిత్రాలను సగం నిద్రలో చూసేవాళ్లం. అట్లా ఒకసారి మలయాళం సినిమా వచ్చింది. ముండు అనే తెల్లని పంచె కట్టుకున్న మగవాళ్లు, సందెవేళ ఇంటి ముందు ఇత్తడి దీపం పెట్టే ముసలావిడ, గుడి ముందు వరుసగా నిలబడి డోళ్లు వాయించే జనం, ఎడతెరిపిలేని వాన. నాయన నిద్రపోకుండా చివరిదాకా చూసి, శుద్ధమైన మనుషులు అన్నారు. ఆ మాట ఆయన మనసులో పదిహేనేళ్లు పదిలంగా ఉంది.

కానీ విచారణ జరగవలసిందే. మా ఇళ్లల్లో పెళ్లి మాట వస్తే కంచిలో ఒకరిని, శ్రీరంగంలో ఒకరిని, తిరుపతిలోనే నలుగురిని అడిగి, తాత ముత్తాతల దాకా తవ్వి తీస్తే తప్ప తాంబూలం చేతికి రాదు. పాలక్కాడు పల్లెలో మాకు తెలిసిన నరపురుగు కూడా లేదు. అప్పుడు మా చిన్నాయన, నాయనకు తమ్ముడు, రైల్వేలో చేసి రిటైరయినవాడు, లోకం చూసినవాడన్న పేరున్నవాడు, ఒక ఉపాయం చెప్పాడు.

"మనిషిని పంపించి విచారించేదానికన్నా సినిమా సూస్తే సాలు గదన్నా. వాళ్ల ఇండ్లు, తిండి, ఆడోళ్లు మసిలే తీరు, అన్నీ సూపిస్తారు. చిత్తూర్లో ఆడతా ఉండాది ఒకటి, తెలుగు మాటల్తోనే. గోడ మీద సూసినా. ఆడమనిషి తలంటుకోని దీపం పట్టుకోని ఉండాది."

నాయనకు ఆ దీపం నచ్చింది. నా గుండె ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయిందో కొందరికి చెప్పనవసరం లేదు. ఆ రోజుల్లో మన ఊళ్లల్లో మలయాళం సినిమా అంటే ఏమిటో మగవాళ్లకు తెలుసు, ఆడవాళ్లు తెలియనట్టు ఉండేవారు. మలయాళీలు తమ కోసం తీసుకున్న మంచి కథలనే ఇక్కడివారు తక్కువ ధరకు తెచ్చుకొని, మాటలు మార్చి, పోస్టరు మార్చి, నడుమ ఎక్కడిదో ఒక పచ్చి ముక్క అతికించి పొద్దుటి ఆటగా వేసేవారు. దానిని బిట్టు అనేవారు. నేను చిత్తూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటును, రోజూ బస్సులో పూతలపట్టు మీదుగా వచ్చిపోయేవాడిని, వయసు ఇరవై తొమ్మిది, పెళ్లి కాలేదు. ఆ హాలుకు ఆ ఏడాది మూడుసార్లు వెళ్లాను. మా నాయన కొడుకునని గుర్తుపట్టేవారు అక్కడ లేరనుకొని వెళ్లాను.

ఆ సినిమా వద్దని చెప్పడానికి నాకు రెండు వారాల వ్యవధి దొరికింది. ఎట్లా వద్దనాలి? నీకెట్లా తెలుసు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అందుచేత, ఆఫీసుకు సెలవైన రెండో శనివారం, నవంబరు తొమ్మిదో తేదీ, కార్తీకమాసపు ఉపవాసంతో ఉన్న నాయనను, చిన్నాయనను వెంటబెట్టుకొని నేనే చిత్తూరు తీసుకువెళ్లాను. పంచె, ఉత్తరీయం, నుదుట నిండు నామంతో నాయన పొద్దుటి ఆట వరుసలో నిలబడ్డారు. ముందున్న కుర్రకారు తలలు దించుకొని పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. అది తన నామానికి దక్కిన మర్యాద అనుకొని ఆయన చేయెత్తి దీవించారు. గేటు దగ్గర టికెట్లు చించే మనిషి ఆయనను ఎగాదిగా చూశాడు.

"ఏం సామీ, దోవ తప్పి వస్తిరా? గుడి ఆపక్క సందులో ఉండాది."

"దోవ తప్పలేదు నాయనా, సినిమాకే వచ్చినాం" అన్నారు నాయన ప్రసన్నంగా.

వాడి చూపు నా మీద పడింది. "అబ్బా, నువ్వా? ఈతూరి పెద్దోళ్లను గూడా పిల్సుకోనొచ్చినావే" అని పళ్లికిలించాడు.

చిన్నాయన ఆగాడు. "నిన్ను ఎరుగుదునంటాడే వీడు?"

"ఆఫీసు కాడ టీ బంకులో సూసింటాడులే చిన్నాయనా" అన్నాను. ఆనాటి అబద్ధాలలో అది మొదటిది, అన్నింటికంటే చిన్నది.

లోపల ఎవరో లేచి, ఫ్యాను కింద కూర్చోండి సామీ అని నాయనకు తన చోటు ఇచ్చాడు. సినిమా మొదలైంది. ఈనాడు తలచుకుంటే అది ఎంత మంచి సినిమానో అర్థమవుతుంది. ఒక బడిపంతులు, అతని తల్లి, పెళ్లికాని అక్క. పడవ దాటి వెళ్లే బడి. పొద్దున్నే టీ అంగట్లో పేపరు గట్టిగా చదివి ప్రభుత్వాన్ని తిట్టుకునే కూలీలు. ఊరుమ్మడి గ్రంథాలయంలో దీపం పెట్టి చదువుకునే పిల్లలు. ఆ అక్క తనకు వచ్చిన సంబంధాన్ని తానే కాదని చెప్పే ధైర్యం, చెప్పిన తర్వాత వంటింట్లో ఒంటరిగా నిలబడే బాధ. ఎవరూ పాటలు పాడి ఎగరలేదు. ఇంట్లో అన్నం వండుకున్నట్టు, కొడుకు తల్లితో తగవు పడ్డట్టు ఉంది. విరామంలో నాయన సోడా కూడా వద్దని, చిన్నాయన వైపు తిరిగారు.

"కూలోళ్లు గూడా పేపరు చదివి వాదించుకుంటా ఉండారు చూసినావా? ఆ పిల్ల తండ్రి లేకపోయినా ఎంత నిబ్బరంగా ఉండాదో. మన బిడ్డ ఆడ కష్టపడదులే."

ఆ క్షణాన పెళ్లి ఖాయమైపోయినట్టే. విరామం అయిన పావుగంటకు తెర ఒక్కసారి ఎగిరి, రంగు మారిపోయి, గీతలు పడిన ఏదో వేరే గది, ఎర్రటి కర్టెన్, ముఖం కూడా సరిగా కనబడని వేరే మనుషులు వచ్చారు. హాలంతా అందుకోసమే కాచుకొని ఉన్నట్టు ఈలలు మొదలయ్యాయి. నాయన లేచి నిలబడ్డారు. ఉత్తరీయంతో ముఖం కప్పుకొని, ఎవరి కాళ్లూ తొక్కకుండా, మెల్లగా నడిచి బయటికి వచ్చారు.

ఆ ఎర్రటి కర్టెన్ నాకు తెలుసు. ఆగస్టులో అదే హాలులో, ఇంకొక సినిమా నడుమ, అదే గదిని, అదే మనుషులను, అవే గీతలతో చూశాను. అది ఆ సినిమాలోది కాదనీ, మలయాళీలకు దానితో సంబంధం లేదనీ, ఈలలు వేసే మా వంటి వారి కోసం మా ఊరివాళ్లే అతికించిన ముక్క అనీ ఆ ముగ్గురిలో తెలిసినవాడిని నేనొక్కడినే. ఆ సంగతి చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే ఆగస్టు సంగతి కూడా చెప్పాలి.

తిరుగు ప్రయాణంలో నాయన పూతలపట్టు దగ్గర బస్సు ఆగినప్పుడు దిగి, కుళాయి కింద కాళ్లు చేతులు కడుక్కొని, నోరు పుక్కిలించి మళ్లీ ఎక్కారు. ఇంటికి వచ్చి తలస్నానం చేసి, ఆ సంబంధం మనకు సరిపడదని అమ్మతో ముక్తసరిగా చెప్పి పూజ దగ్గర కూర్చున్నారు.

ఆ పై వారం, పదిహేడో తేదీ ఆదివారం, చెల్లెలు వచ్చింది. అప్పటికి చిన్నాయన తన భార్యకు, ఆమె మా అమ్మకు, సినిమా పేరుతో సహా సంగతి చేరవేసి ఉన్నారు. చెల్లెలు ఆ పేరు విని ఏడవలేదు సరికదా, ఆశ్చర్యపోయి నేరుగా నాయన ముందుకు వెళ్లి నిలబడింది.

"ఆ సినిమా నేనూ చూసినాను నాయనా, వేలూరులో, ఆయనతోనూ మా హాస్టలు వాళ్లతోనూ. వాళ్ల భాషలోనే. దాంట్లో నువ్వు తలదించుకునేటిది ఏమీ లేదు. ఒట్టు."

నాయన ఆమెను చూసి, నా వైపు తిరిగారు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. "నువ్వు అబద్ధం ఆడేవాడివి కాదు. నువ్వు చెప్పు. ఉండిందా, లేదా?"

"ఉండింది నాయనా" అన్నాను.

ఆ రెండు మాటలలో ఒక్క అక్షరం అసత్యం లేదు. అంతకన్నా పెద్ద అబద్ధం నేను ఈ యాభై రెండేళ్లలో ఆడలేదు. చెల్లెలు నన్ను చూసిన చూపులో కోపం లేదు. లెక్క తప్పిన పిల్ల పంతులు గారిని చూసినట్టు, తప్పు తనదేనేమో అన్నట్టు చూసింది.

డిసెంబరు పదిహేనో తేదీన ఆ అబ్బాయి తల్లీ తండ్రీ మమ్మల్ని అడగకుండానే రైలెక్కి తిరుపతికి వచ్చారు. స్వామి దర్శనం చేసుకొని మా ఇంటికి వచ్చారు. తండ్రి సన్నటి మనిషి, చెండ పుల్లలు పట్టి పట్టి అరచేతులు కాయలు కాచి ఉన్నాయి. పాలక్కాడు వారికి తమిళం వస్తుంది, ప్రబంధం చెప్పే నాయనకూ వస్తుంది. ఇద్దరూ ఆ భాషలో కలుసుకున్నారు. వాళ్ల ఊళ్లో తమిళంలోకి మార్చిన ఒక తెలుగు సినిమా ఆడిందట. అందులో రాయలసీమ మనుషులు పొద్దున లేస్తే వేటకొడవళ్లు, మధ్యాహ్నం బాంబులు, సాయంత్రం గాలిలోకి ఎగిరే సుమోలు. అది చూసి అతని భార్య మూడు రోజులు అన్నం తినలేదట. సినిమా చూసి జడవడం కన్నా వెళ్లి కళ్లారా చూసి వద్దామని తానే ఆమెను బయలుదేరదీశానని, తీరా చూస్తే ఈ ఇంట్లో కూరగాయల కత్తి కూడా పదునుగా లేదని ఆయన నవ్వాడు. కూరలు తరుగుతున్న మా అమ్మ కూడా నవ్వింది. నాయన నవ్వబోయి ఆగి, మేము కూడా ఒకటి చూశాము అన్నారు. అంతకుమించి చెప్పలేదు. ఆయన ఏం చూశారో అడగకుండా, సినిమా తీసేవాడు ఒకడు, చూపించేవాడు ఇంకొకడు, నడుమ ఏమేం కలుస్తాయో మనకేం తెలుస్తుందని ఆ మనిషి మామూలుగా అన్నాడు. నేను గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

వాళ్లు మర్యాదగా కాఫీ తాగి వెళ్లిన తర్వాత నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మంచోళ్లేరా. ఆ సినిమా సంగతి నేను మర్చిపోతాను. కానీ బిడ్డ నా ఎదురుగా నిలబడి ఒట్టు పెట్టి అబద్ధం ఆడింది. ఒక మనిషి కోసం ఈ పొద్దు అబద్ధం ఆడింది, రేపు ఏం చేస్తాదో. ఆ మనిషి దగ్గరికే పంపిస్తే ఇంకేమైతాదో. అదీ నా బెంగ."

అప్పుడైనా చెప్పవచ్చు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. నువ్వొక్కడివే నాకు నమ్మకం అన్నట్టు ఉంది ఆ చెయ్యి. చెప్పలేదు.

చెల్లెలు వేలూరు ఉద్యోగం మానుకొని వచ్చింది. 2004 మే నెలలో గూడూరులో స్కూలు టీచరుగా ఉన్న మా దూరపు బంధువుకు ఇచ్చి పెళ్లి చేశాము. అతడు మంచివాడు, ఇద్దరు పిల్లలు బాగా చదువుకుంటున్నారు, ఆమె ఏనాడూ నొచ్చుకొని మాట్లాడలేదు. నాయన ముందు మాత్రం ఏ విషయం చెప్పినా, కావాలంటే అన్నను అడుగు నాయనా అని చివర కలిపేది. ఆయన 2014లో పోయేదాకా కలిపింది.

నాయన మాటకు తల వంచి ఆమె ఆ సంబంధం వదులుకుందనే నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. జూన్ తొమ్మిదో తేదీ సోమవారం సాయంత్రం ఆమెను రైలెక్కించడానికి తిరుపతి స్టేషనుకు వెళ్లి, ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చొని, ఆగస్టు సంగతి, కర్టెన్ సంగతి, గేటు మనిషి సంగతి, అన్నీ చెప్పాను. తల తిప్పి పట్టాల వైపు చూస్తూ చెప్పాను. ఆమె చాలాసేపు తన సంచి తాడు ముడి వేస్తూ విప్పుతూ ఉంది.

"నాయన కాదన్నా మేం మానుకోలేదన్నా" అన్నది చివరికి. "రిజిస్టరాఫీసులో చేసుకుందామన్నాడు ఆయన. వాళ్ల నాయన గూడా సరే అన్నాడు. నేనే ఒక మాట అడిగినాను. వేలూరులో కత్తిరించి వేసినారేమో, అసలు సినిమాలో అది ఉండాదేమో, నీకు తెలిసే నన్ను దానికి పిల్చుకొని పోయినావా అని. మా అన్న చూసినాడు, మా అన్న అబద్ధం ఆడడు అని గూడా చెప్పినాను. ఆయన నా ముఖం అట్లే చూసి, లేచి బయటికి పోయినాడు. రెండు నెలలకు వాళ్ల ఊరికి ఉద్యోగం మార్చుకున్నాడు."

రైలు వచ్చింది. ఆమె సంచి నేను అందుకోబోతే ఇవ్వకుండా తానే ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చొని, "వానొచ్చేట్టు ఉండాది, పోన్నా" అన్నది. ఆ గొంతులో కోపం వెతికాను. దొరకలేదు, దొరికి ఉంటే కొంత తేలికగా ఉండేది.

ఈనాడు ఆ చిత్తూరు హాలు కల్యాణమండపమైంది. మలయాళం సినిమా అంటే మా అమ్మాయి ఈడు పిల్లలు గౌరవంగా మాట్లాడుతున్నారు; ఇంటిల్లిపాదీ కలిసి కూర్చొని, ఎవరూ తల దించుకోకుండా చూస్తున్నారు. ఆ జనం తమ ఇళ్లల్లోని చిన్నబుద్ధులను, పరువు కోసం ఆడే అబద్ధాలను, బిడ్డల మాట నమ్మని తండ్రులను తామే తెర మీద పరచుకొని, తమను చూసి తామే నవ్వుకుంటున్నారు. అప్పుడూ వాళ్లు అదే చేశారు. ఆనాడు ఆ తెర మీద మాకు కనబడిన మురికి వాళ్ల ఊరిది కాదు, మేము టికెట్టు కొని తెప్పించుకున్నది. దాన్ని చూసి వాళ్లెటువంటి మనుషులో మేము తేల్చాము. వాళ్లు మాత్రం మా గురించి తేల్చుకోవడానికి ఒక రాత్రంతా రైలులో కూర్చొని వచ్చారు.

లెక్క ఇట్లా తేలింది. పోయినవి: చెల్లెలు కోరుకున్న పెళ్లి, తండ్రి దగ్గర ఆమె మాటకున్న విలువ, ఒక యోగ్యుడి దగ్గర ఆమెకున్న గౌరవం, నాయన బ్రతికి ఉండగా నిజం చెప్పడానికి నాకు దొరికిన పన్నెండేళ్లు. మిగిలినది: నా మంచి పేరు.